భర్త ఆదాయం తగ్గినప్పుడు భార్య గ్రీన్‌కార్డు: లోటును దేంతో పూడ్చాలి?

మా బావ అమెరికా సిటిజన్. అక్కడ ఒక స్టోర్‌లో మేనేజరుగా చేసేవాడు. మా చెల్లెను పెళ్లి చేసుకుని వెళ్లాడు, వెళ్లగానే భార్యను పిలిపించుకోవడానికి ఐ-130 పిటిషన్ వేశాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే కారు యాక్సిడెంట్‌లో వెన్నెముకకు దెబ్బ తగిలింది. రెండు ఆపరేషన్లయ్యాయి. నిలబడి చేసే పని ఇక కుదరదన్నారు డాక్టర్లు. జీతం ఆగిపోయింది, డిసెబిలిటీ కింద నెలకు 1,800 డాలర్లు రావడం మొదలైంది. చెల్లె హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్. ఆ వార్త తెలిసిన నాటి నుంచి మా ఇంట్లో ఒకటే మాట: "జీతమే లేనోడు పిల్లను ఎట్ల తీస్కపోతడు?"

అమ్మ అలా అన్నందుకు తప్పు పట్టలేను. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు మన చుట్టాలందరికీ తెలిసింది గల్ఫ్ లెక్క. దుబాయ్‌కి భార్యను పిలిపించుకోవాలంటే 4,000 దిర్హమ్‌ల జీతం, లేదంటే 3,000తో పాటు కంపెనీ ఇచ్చిన ఇల్లు ఉండాలి. ఉద్యోగం పోయిందంటే అన్నీ పోయినట్టే. అమెరికాలో మాత్రం జీతం ఎంత అని అడగరు, ఆదాయం ఎంత అని అడుగుతారు. ఈ తేడా అర్థం కావడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అనవసరంగా టెన్షన్ పడ్డాం, అడగకూడని వాళ్లను అడిగాం. ఇదే ఇరకాటంలో ఉన్న ఇంకో ఇంటికి అంత సమయం పట్టకూడదని ఇది రాస్తున్నాను. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల కథ వేరు. ఇది సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు గానీ భర్తనో భార్యనో పిలిపించుకునే సందర్భానికి మాత్రమే.

ముందు లోటెంతో తేల్చుకోండి

భార్యను స్పాన్సర్ చేసే వ్యక్తి ఐ-864 అనే ఫారం మీద సంతకం పెట్టాలి. "ఈమెను నేను పోషిస్తాను, ప్రభుత్వం మీద భారం వేయను" అని ఇచ్చే పూచీకత్తు అది. ఆదాయం అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్క ప్రకారం భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంటికి ఆ ప్రమాణం 21,150 డాలర్లు, 125 శాతం అంటే 26,437. ఒక బిడ్డ కూడా ఉంటే 33,312. అలాస్కా, హవాయిలకు అంకెలు వేరు. ఏడాది మారితే అంకె కూడా కొంచెం పెరుగుతుంది.

మా బావకు ఏడాదికి వచ్చేది 21,600. గోడకున్న క్యాలెండర్ చింపి వెనకవైపు రాసి చూశాం. 26,437లోంచి 21,600 తీసేస్తే 4,837. అప్పటిదాకా మేం భయపడ్డది ఏదో కొండంత లోటుందని. తీరా చూస్తే నెలకు నాలుగు వందల డాలర్ల పైచిలుకు.

అయితే ఆ 1,800 ఏ పద్దు కింద వస్తోందన్నది చాలా ముఖ్యం. అందరూ తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే పేర్లు రెండూ ఒకేలా ఉంటాయి. ఎస్ఎస్‌డీఐ అనేది ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతంలోంచి కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్ను మీద వచ్చే డబ్బు. మా బావకు వచ్చేది ఇదే, ఇది ఆదాయంగా చెల్లుతుంది. ఎస్ఎస్ఐ అనేది పేదలకు ఇచ్చే సాయం, అంటే మన ఆసరా పింఛను లాంటిది. ఇది ఒక్క డాలరు కూడా లెక్కలోకి రాదు. మాజీ సైనికులకు వచ్చే డిసెబిలిటీ డబ్బు చెల్లుతుంది. కంపెనీ ఇన్సూరెన్స్ నుంచి వచ్చే లాంగ్ టర్మ్ డిసెబిలిటీ కూడా చెల్లుతుంది. కాకపోతే చాలా పాలసీల్లో రెండేళ్ల తర్వాత "పాత పని చేయలేకపోవచ్చు, ఇంకేదైనా పని చేయగలడా" అని మళ్లీ చూస్తారు. కాబట్టి అది ఎన్నాళ్లు వస్తుందో కాగితం చూసుకోవాలి. కొన్ని నెలల్లో ఆగిపోయే షార్ట్ టర్మ్ డబ్బును నమ్ముకుని ముంబై ఇంటర్వ్యూ దాకా వెళ్లొద్దు.

ఎస్ఎస్‌డీఐకి అప్లై చేసి ఎదురుచూస్తున్నవాళ్లకు ఒక మాట. వైకల్యం మొదలైనప్పటి నుంచి ఐదు పూర్తి నెలలు డబ్బు రాదు, ఆరో నెల నుంచి లెక్క. మొదట కాదన్నారని అప్పీలుకు వెళితే ఇంకా ఆలస్యం కావచ్చు. అలాగని ఐ-130 ఆపకండి. ఆ పిటిషన్ వేసేటప్పుడు ఆదాయం అడగరు. అడిగేది అది మంజూరై, ఫైలు వీసా కాగితాలు పరిశీలించే నేషనల్ వీసా సెంటర్‌కు చేరాక. ఈలోపు చాలా నెలలు గడుస్తాయి. అన్నీ చక్కబడ్డాక వేద్దామని కూర్చుంటే ఆ నెలలు ఊరికే పోతాయి. వెనకటి నెలల బకాయి ఒకేసారి చేతికొస్తే దాన్ని ఏడాది ఆదాయంలో కలపకూడదు. బ్యాంకులో ఉంచుకుంటే ఆస్తి కింద చూపొచ్చు.

మొదటి దారి: ఆస్తి చూపడం

నా ఓటు దీనికే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఆదాయం తక్కువైనంత మేరకు ఆస్తి చూపించి పూడ్చుకోవచ్చు. స్పాన్సర్ సిటిజన్ అయ్యుండి పిలిపించుకునేది భార్యనో భర్తనో అయితే లోటుకు మూడింతలు చూపాలి. స్పాన్సర్‌ది గ్రీన్‌కార్డు అయితే ఐదింతలు. మా లెక్కలో 4,837కు మూడింతలు 14,511 డాలర్లు, రూపాయల్లో అప్పటి రేటుకు 12–13 లక్షలు. ఇదే లోటు గ్రీన్‌కార్డు భర్తకు వస్తే 24,185 డాలర్లు చూపాల్సి వచ్చేది.

మాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. ఆ ఆస్తి భర్తదే కానక్కర్లేదు, వీసాకు వెళ్లే భార్య పేరు మీద ఉన్నా చెల్లుతుంది. ఇండియాలో ఉన్నా చెల్లుతుంది. షరతులు రెండే: పెద్దగా నష్టపోకుండా ఏడాదిలోపు డబ్బుగా మార్చుకునేలా ఉండాలి, ఆ డబ్బును దేశం దాటించే వీలుండాలి. రెండోదానికి మనకు ఇబ్బంది లేదు. ఇండియాలో నివసించే వ్యక్తి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. ఎన్ఆర్ఐ అయ్యాక అమ్మితే ఎన్ఆర్‌వో ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు.

చెల్లెకు పెళ్లిలో పసుపు కుంకుమ కింద నాన్న మడికొండ దగ్గర 200 గజాల ప్లాటు ఇచ్చాడు. ఇచ్చాడంటే, మండపంలో నలుగురి ముందు చెప్పాడు. కాగితం మాత్రం నాన్న పేరు మీదే ఉంది. మన ఇళ్లల్లో ఇది మామూలే. "ప్లాటుందిగా" అని ధీమాగా ఉన్నాం గానీ ఐ-864 దృష్టిలో ఆ ప్లాటు మామగారిది, మామగారి ఆస్తికి అక్కడ విలువ సున్నా. అప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి గిఫ్ట్ డీడ్ చేయించాం. వేలిముద్ర మెషీన్ నాన్న బొటనవేలిని నాలుగుసార్లు కాదంది. బీడీ ఆకు కట్టలు మోసిన వేలు, గీతలు అరిగిపోయాయి. ఐదోసారి పడింది. "ఇగ నీదే తల్లీ" అన్నాడు నాన్న. మూడేళ్ల కింద అన్న మాటే, ఈసారి రిజిస్టరైంది.

ప్లాటుకు పెట్టాల్సినవి: రిజిస్టరైన డీడ్, అప్పులేమీ లేవని చూపే ఈసీ, రిజిస్టర్డ్ వాల్యుయర్ ఇచ్చే విలువ రిపోర్టు, వీటన్నిటినీ కలిపి సీఏ ఇచ్చే సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ లెక్కకూ బయట అమ్ముడుపోయే ధరకూ ఎంత తేడా ఉంటుందో మీకు తెలిసిందే. మేం రెండూ పెట్టాం. ప్రభుత్వ విలువే మనకు కావలసిన అంకె దాటితే ఇంకా మంచిది, ఎవరూ ప్రశ్నించలేరు. ప్లాటు మీద లోను ఉంటే అది తీసేశాక మిగిలిందే లెక్క. వ్యవసాయ భూమి కూడా చూపొచ్చు గానీ నాకు అంత నచ్చదు. దాన్ని ఎన్ఆర్ఐలకు అమ్మకూడదు, కొనేవాడు ఇక్కడుండే వాడే కావాలి, పాస్‌బుక్ పేర్లలో చిక్కులుంటే ఏడాదిలో తెగదు. ఓపెన్ ప్లాటో ఫ్లాటో నయం.

అన్నిటికన్నా సులువు ఫిక్స్‌డ్ డిపాజిట్. కాకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ గడిచిన పన్నెండు నెలలది అడుగుతారు. ఇంటర్వ్యూకు నెల ముందు మేనమామల దగ్గర తలా రెండు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తే అది ఎవరిదో స్టేట్‌మెంటే చెప్పేస్తుంది. డబ్బు వేసేదేదో ఏడాది ముందే వేయండి, నిజంగా ఆమెకే ఇచ్చేయండి. బంగారం సంగతి చాలామంది అడుగుతారు. మన దగ్గర బీరువాలో ఉన్నదానికి విలువే తప్ప రుజువుండదు. నేనైతే దాని మీద ఆధారపడను. అమెరికాలో భర్తకున్న కారు కూడా, ఇంకో కారుంటే తప్ప లెక్కలోకి రాదు.

ఈ దారిలో ఒక గొయ్యి ఉంది. భర్త ఎస్ఎస్ఐ మీద బతుకుతుంటే ఆస్తి చూపడం రెండువైపులా కోసే కత్తి. ఎస్ఎస్ఐ తీసుకునే మనిషికి ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు, దంపతులు కలిసి ఉంటే 3,000. భార్య వచ్చి కలిసి కాపురం మొదలుపెట్టాక ఆమె డిపాజిట్లు, ఇక్కడి ప్లాటు లెక్కలోకి వచ్చి అతని ఎస్ఎస్ఐకే ఎసరు రావచ్చు. ఎస్ఎస్‌డీఐకి ఈ పరిమితి లేదు. కాబట్టి ఎస్ఎస్ఐ ఇంటివాళ్లు ఈ దారి వదిలేసి నేరుగా కిందిది చూసుకోవడం మేలు.

రెండో దారి: జాయింట్ స్పాన్సర్

అందరి నోటా ముందు వచ్చేది ఇదే. "డల్లాస్‌లో మీ బాబాయి కొడుకున్నడు గదా, సంతకం పెట్టమను." నిబంధన నిజంగానే సులువు. బంధువే కానక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు గానీ ఉండి, అమెరికాలో స్థిరపడిన వాళ్లెవరైనా సరే. ఇక్కడి నుంచి మామగారు ఎన్ని ఎకరాలు చూపినా జాయింట్ స్పాన్సర్ కాలేడు. ఇంకో సంగతి, జాయింట్ స్పాన్సర్ దొరికాడని భర్త తప్పుకోలేడు. ఆదాయం సున్నా అయినా భర్త తన ఐ-864 తాను ఇవ్వాల్సిందే.

బావ ఫోన్ చేస్తే డల్లాస్ తమ్ముడు వెంటనే ఒప్పుకున్నాడు. "సంతకమే గదన్నా, పంపియ్." మూడు రోజుల తర్వాత అతని భార్య, బావకు మరదలు, ఫోన్ చేసింది. ఆమె ఫారం మొత్తం చదివింది. "బావా, తప్పుగా అనుకోకండి. ఇందులో విడాకులైనా బాధ్యత పోదని ఉంది. మీరు రేపు విడిపోతే మేం ఎందుకు కట్టాలి?"

ఆమె చదివింది అక్షరాలా నిజం. ఆ పూచీ పోయేది ఎప్పుడంటే, వచ్చిన మనిషి సిటిజన్ అయినప్పుడు, లేదా ఆమె ఖాతాలో 40 క్వార్టర్ల పని జమ అయినప్పుడు (అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం), లేదా ఆమె గ్రీన్‌కార్డు వదిలేసి దేశం విడిచి వెళ్లినప్పుడు, లేదా ఇద్దరిలో ఒకరు చనిపోయినప్పుడు. విడాకులు ఆ జాబితాలో లేవు. ఈలోగా ఆమె ప్రభుత్వ సాయం తీసుకుంటే ఆ శాఖ స్పాన్సర్‌ను డబ్బు అడగొచ్చు. ఆమే కోర్టుకెళ్లి పోషణ ఖర్చు అడగొచ్చు. అదీ ఇద్దరు స్పాన్సర్లలో ఎవరి దగ్గరైనా.

ఇంకో చిక్కు ఆ ఇంటి సైజు. జాయింట్ స్పాన్సర్ లోటు మాత్రమే పూడిస్తే సరిపోదు, తన కుటుంబం మొత్తానికీ వచ్చే మనిషికీ కలిపి 125 శాతం భర్త ఆదాయం కలపకుండా చూపాలి. తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు, మా చెల్లె కలిపితే ఐదుగురు, 2025 లెక్కలో 47,062 డాలర్లు. అంతటితో అయిపోలేదు. వాళ్లు రెండేళ్ల కింద అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు చేయించారు. ఆ పూచీ ఇంకా నడుస్తోంది కాబట్టి వాళ్లిద్దరినీ కలపాలి. ఏడుగురు, 60,812. తెలుగు ఇళ్లల్లో తల్లిదండ్రులను స్పాన్సర్ చేసిన కొడుకులు చాలామంది, వాళ్లు ఈ తల లెక్క మర్చిపోతారు.

మరదలి మీద మా అమ్మకు ఇంకా కోపమే. నాకు లేదు. పైన ఆస్తి లెక్క తేలాక బావే వాళ్లకు ఫోన్ చేసి అక్కర్లేదన్నాడు. 12 లక్షల ఆస్తితో పూడే లోటుకు ఒక కుటుంబాన్ని పదేళ్లు కట్టిపడేయడం నాకు సబబు అనిపించలేదు. ఆస్తి ఏమీ లేక, లోటు పెద్దదై, అసలు ఆదాయమే ఎస్ఎస్ఐ అయినప్పుడు ఈ దారి తప్పదు. అప్పుడైనా అడిగేటప్పుడు ఫారం చేతికిచ్చి, విడాకుల మాట మీ నోటితోనే చెప్పి అడగండి. తర్వాత వాళ్లకై వాళ్లు చదువుకుంటే ఇచ్చిన మాటా పోతుంది, చుట్టరికమూ పోతుంది.

దీనికి చిన్నతమ్ముడి లాంటి దారి ఒకటుంది. భర్త ఉండే ఇంట్లోనే అన్నో తల్లో కొడుకో ఉండి సంపాదిస్తుంటే, వాళ్లు ఐ-864ఏ అనే ఫారం ఇచ్చి తమ ఆదాయాన్ని భర్త ఆదాయంతో కలపొచ్చు. రెండూ కలిపి చూస్తారు కాబట్టి నెగ్గడం తేలిక. అయితే ఆ మనిషిని కూడా తలల్లో లెక్కపెట్టాలి. ఒకే అడ్రస్‌లో నిజంగా ఉండాలి. రూమ్మేట్లు చెల్లరు.

మూడో దారి: గ్రీన్‌కార్డు భర్త అయితే ముందు సిటిజన్‌షిప్

గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ల భార్యలకు ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి ఉంది, క్యూ ఉంటుంది. సిటిజన్ భార్యకు ఆ పరిమితే లేదు. పైగా ఐదింతల ఆస్తి మూడింతలకు తగ్గుతుంది. ఆదాయం పడిపోయిన గ్రీన్‌కార్డు భర్తకు ఐదేళ్లు నిండి ఉంటే నేనిచ్చే సలహా: ఐ-130 వేసి ఉంచండి, ఆ పక్కనే సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400 వేయండి. సిటిజన్‌షిప్‌కు కనీస ఆదాయం అనే షరతే లేదు. ఆదాయం తక్కువైతే ఫీజు కూడా తగ్గుతుంది, 760కి బదులు 380 డాలర్లు. మెదడుకు దెబ్బ తగిలో, ఇంకే జబ్బు వల్లో ఇంగ్లీషు, సివిక్స్ పరీక్ష రాయలేని వాళ్లకు డాక్టరు ఎన్-648 ఫారం ఇస్తే మినహాయింపు అడగొచ్చు.

ఇక్కడ చాలామంది చేజేతులా చెడగొట్టుకునేది ఒకటుంది. "ఇక్కడ చూసుకునేవాళ్లు లేరు, వరంగల్ పోయి ఫిజియోథెరపీ చేయించుకుంటా" అని వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోతారు. ఒక్క విడతలో ఆరు నెలలు దాటితే సిటిజన్‌షిప్‌కు కావలసిన నిరంతర నివాసం తెగిందేమో అన్న ప్రశ్న వస్తుంది. ఏడాది దాటితే తెగినట్టే. వైద్యానికి రండి, ఆరు నెలలలోపు వెళ్లిపోండి.

సిటిజన్‌తో పెళ్లి కుదిరి ఇంకా కానివాళ్లకు ఇచ్చే కే-1 వీసాలో ఆదాయం 100 శాతం చాలంటారు. వీసా వరకు నిజమే. అక్కడికెళ్లి 90 రోజుల్లో పెళ్లి చేసుకున్నాక గ్రీన్‌కార్డుకు అప్లై చేసేటప్పుడు అదే ఐ-864, అదే 125 శాతం, పైగా ఇంకో 1,440 డాలర్ల ఫీజు. లోటును ఏడాది వెనక్కి నెట్టడం తప్ప లాభమేమీ లేదు. ఆదాయం తగ్గినవాళ్లకు నేనైతే వద్దంటాను.

మరి బ్రిటన్, కెనడా అయితే?

భర్త ఏ దేశంలో ఉంటే ఆ దేశం రూలే గతి, కాబట్టి ఇది ఎంపిక అనను. కానీ పక్క దేశం రూలు విని కంగారు పడేవాళ్లుంటారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి భార్య వీసాకు 29,000 పౌండ్ల ఆదాయం కావాలి. అది విని వైకల్యం ఉన్న భర్తలు ఆశ వదులుకుంటారు. నిజానికి పిప్ లాంటి వైకల్య భత్యం తీసుకునేవాళ్లకు ఆ 29,000 వర్తించదు. ఇంటద్దె పోను మిగిలేది ఇద్దరు బతకడానికి చాలుతుందా అని మాత్రమే చూస్తారు. అక్కడ గట్టి దెబ్బ హెల్త్ సర్‌ఛార్జ్, ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ముందే కట్టాలి. కెనడాలో భార్యను పిలిపించుకోవడానికి మామూలుగా కనీస ఆదాయమే అడగరు. ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లు స్పాన్సర్ చేయకూడదు, కానీ ఆ సాయం వైకల్యం వల్ల వచ్చేదైతే పర్వాలేదు. పూచీ కూడా మూడేళ్లే. ఈ మూడు దేశాల్లో మనసున్న రూలు ఏదంటే కెనడాదే అంటాను.

ఎవరూ పైకి అనని దారి: ఆయనే ఇక్కడికి రావడం

ఒక రాత్రి బావే అడిగాడు. "నేనే హన్మకొండకు వస్తే ఏమైతది బావా?" మాలో ఎవరికీ అడిగే ధైర్యం లేని ప్రశ్న అది. ఓడిపోయి వచ్చాడంటారని భయం.

అమెరికా సిటిజన్‌కు ఎస్ఎస్‌డీఐ ఇండియాలో ఉన్నా వస్తుంది. 1,800 డాలర్లు అక్కడ అద్దెకూ తిండికీ బొటాబొటి. నక్కలగుట్టలో ఇల్లు అద్దెకు తీసుకుని, రోజూ ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టును పెట్టుకుని, ఇంకా మిగిలే డబ్బు. చెల్లె ఉద్యోగం ఉండనే ఉంది. ఓసీఐ కార్డుతో ఎన్నాళ్లైనా ఉండొచ్చు. కానీ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఇక్కడి ఆసుపత్రి బిల్లు కట్టదు. వెన్నెముకకు మళ్లీ ఆపరేషన్ అంటే సొంత డబ్బే. పైగా మా ఇంటికి ఎనిమిది మెట్లు, వాకిట్లో గచ్చు ఎత్తుపల్లాలు. వీల్‌చైర్ ఒక మనిషి సాయం లేకుండా గేటు దాటదు. ఎస్ఎస్ఐ తీసుకునేవాళ్లకు ఈ దారి అసలే లేదు. దేశం దాటి 30 రోజులైతే అది ఆగిపోతుంది. గ్రీన్‌కార్డు వాళ్లకు కార్డే పోయే ప్రమాదం.

రెండేళ్లు ఇక్కడుండి తర్వాత కలిసి వెళ్దాం అనుకున్నా చిక్కుంది. స్పాన్సర్ అమెరికాలో స్థిరనివాసి అయ్యుండాలి, లేదా భార్యతో పాటే తిరిగి వెళ్లి స్థిరపడతానని నమ్మించే కాగితాలు చూపాలి. ఫైలు వీసా సెంటర్‌లో ఉన్నప్పుడు ఏడాదికి ఒక్కసారైనా వాళ్లను సంప్రదించకపోతే కేసు మూసేస్తారు కూడా. బావ, చెల్లె ఈ దారిని పూర్తిగా వదల్లేదు. వీసా వచ్చాక, ఆరోగ్యం చూసుకుని, ఎక్కడ కాపురమో నిర్ణయించుకుంటామన్నారు. నాకది నచ్చింది.

ఫైల్లో ఏం పెట్టాం, ఏం పెట్టలేదు

హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి వెళితే అక్కడ కూర్చున్నాయన తేలిగ్గా చెప్పాడు: "డిసెబిలిటీ సంగతి ఎత్తకండి. పాత జీతం ట్యాక్స్ కాగితం ఉంది కదా, అదే పెడదాం. మాకు 60 వేలు." పోయినేడాది ట్యాక్స్ రిటర్న్‌లో ఆదాయం బాగానే ఉంది, నిజం. కానీ ఫారం అడిగేది ఇప్పటి ఆదాయం. కింద పెట్టే సంతకం, అబద్ధమైతే శిక్షకు సిద్ధం అని ప్రమాణం చేసి పెట్టేది. వీసా కోసం తెలిసి తప్పు చెప్పినట్టు తేలితే ఆ మనిషికి అమెరికా దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. లేచి వచ్చేశాం. ఆ 60 వేలలో కొంత పెట్టి అక్కడి ఇమిగ్రేషన్ లాయరుతో గంట మాట్లాడుకున్నాం, ఆ గంటలోనే ప్లాటు సంగతి తెలిసింది.

పెట్టినవి ఇవి: సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే బెనిఫిట్ లెటర్ (వాళ్ల వెబ్‌సైట్‌లో ఖాతా ఉంటే ఇంట్లోంచే తీసుకోవచ్చు), ఆ ఏడాది ఎంత వచ్చిందో చూపే ఎస్ఎస్ఏ-1099, ఆఖరి ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్, జీతం ఎప్పుడు ఎందుకు ఆగిందో బావ రాసిన అరపేజీ ఉత్తరం, ప్లాటు కాగితాలు. ఆదాయం తక్కువై ట్యాక్స్ వేయనక్కర్లేని ఏడాది వస్తే, ఆ మాటే ఒక ఉత్తరంగా రాసి పెట్టాలట. చెల్లె డీఎంఎల్‌టీ సర్టిఫికెట్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడా పెట్టాం. వచ్చే మనిషి వయసు, ఆరోగ్యం, చదువు, పనితనం కూడా చూడాలని చట్టంలోనే ఉంది. అక్కడ ఉద్యోగం ఇస్తామన్న ఆఫర్ లెటర్ ఉన్నా అది ఆదాయం లోటును పూడ్చదు, మనిషి తన కాళ్ల మీద నిలబడగలదని చెప్పడానికి పనికొస్తుంది, అంతే.

ఇంటర్వ్యూ ముంబైలో. కాజీపేటలో కోణార్క్ ఎక్కి వెళ్దామని నేను, ఫ్లయిట్‌లో వెళ్దామని చెల్లె. అదింకా తేలలేదు. తేలిందొక్కటే, ఆమె చెప్పే జవాబు. వంటింట్లో చపాతీలు వత్తుతూ రోజూ రెండుసార్లు నాతో ప్రాక్టీసు చేస్తోంది. నేను ఆఫీసరును. "మీ భర్త పని చేయడం లేదు కదా, ఎలా బతుకుతారు?" అంటాను. "ఆయనకు ఏడాదికి 21,600 వస్తాయి, నా పేరు మీద ప్లాటుంది, నేను పన్నెండేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను" అంటుంది. నిన్న అమ్మ పక్కనుంచి అందుకుంది: "వంట గూడ వచ్చని చెప్పు."